లేయర్లతో ఫోటోకు పారదర్శకత: స్లైడర్ ఎక్కడ చాలు, మాస్క్ ఎక్కడ కావాలి

పారదర్శకత అనగానే ఫోటో ఎడిటింగ్ కొత్తగా నేర్చుకునేవారి చెయ్యి నేరుగా ఒపాసిటీ (బొమ్మ చిక్కదనం) స్లైడర్ మీదికి పోతుంది. బొమ్మ పలచబడుతుంది, పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ స్లైడర్ ముట్టుకునే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. పలచబడాల్సింది బొమ్మ మొత్తమా, అందులో ఒక భాగమా, లేక ఎక్కడున్నా సరే తెలుపో నలుపో మాత్రమేనా? మొత్తమైతే స్లైడర్ చాలు. ఒక భాగమైతే మాస్క్ (ఎక్కడ కనిపించాలో, ఎక్కడ దాగాలో చెప్పే తొడుగు) కావాలి. ఫలానా రంగో, వెలుగో మాత్రమే పోవాలంటే బ్లెండ్ మోడ్ (పై లేయర్ రంగులు కిందివాటితో కలిసే తీరు) చూడాలి. ఎరేజర్‌ను ఇందులో కావాలనే చేర్చలేదు. ఎందుకో మాస్క్ దగ్గర చెబుతాను.

ఇక్కడి వివరణ ప్రధానంగా ఫోటోషాప్, గింప్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ల గురించి. బ్రౌజర్‌లోనే నడిచే ఫోటోపీ మెనూలు దాదాపు ఫోటోషాప్‌ను పోలి ఉంటాయి కాబట్టి అక్కడా ఇవే అడుగులు పనికొస్తాయి.

తెర వెనుక జరిగే లెక్క

లేయర్లను ఒకదానిపై ఒకటి పేర్చిన గాజు పలకలనుకోండి. పై పలక మీది రంగు ఎంత చిక్కగా ఉంటే కింది పలక అంత తక్కువగా కనిపిస్తుంది. కంప్యూటర్ ఈ చిక్కదనాన్ని ఒక అంకెగా దాచుకుంటుంది. ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు ఎలాగూ ఉంటాయి, నాలుగోది ఆల్ఫా. మామూలు 8 బిట్ బొమ్మలో అది 0 నుంచి 255 వరకు ఉంటుంది. 0 అంటే ఆ పిక్సెల్ కనిపించదు, 255 అంటే కింద ఉన్నది కనిపించదు. 1970ల చివర న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్‌మల్ ఈ పద్ధతిని రూపొందించారు. బొమ్మలను ఒకదానిపై ఒకటి కలిపే సూత్రాలను థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో ఒక పరిశోధన పత్రంలో క్రమబద్ధం చేశారు. ఫోటోషాప్‌లోకి లేయర్లు 1994లో, మూడో వెర్షన్‌తో వచ్చాయి.

లెక్క చాలా చిన్నది. పై లేయర్‌లో ఒక పిక్సెల్ విలువ 200, దాని కిందే ఉన్న పిక్సెల్ విలువ 100, పై లేయర్ ఒపాసిటీ 25 శాతం అనుకుందాం. 200లో పావు వంతు 50, 100లో ముప్పావు వంతు 75. కలిపితే 125. తెర మీద కనిపించేది అదే.

దీన్నుంచి తేలే రెండు సంగతులు పనిలో అడుగడుగునా ఎదురవుతాయి. మొదటిది, 50 శాతం ఒపాసిటీ ఉన్న రెండు లేయర్లు పేరిస్తే 100 శాతం కాదు, 75 శాతమే అవుతుంది. మూడోదీ వేస్తే 87.5. ఇలా ఎన్ని వేసినా అట్టడుగున ఉన్నది కొంచెం తొంగిచూస్తూనే ఉంటుంది. రెండోది, ఒకే లేయర్‌కు మాస్క్ సగం, ఒపాసిటీ సగం పెడితే అవి గుణించుకుంటాయి, మిగిలేది 25 శాతమే. బొమ్మ అనుకున్నదానికన్నా పలచగా ఉందనిపిస్తే ముందు ఈ రెండూ ఒకేచోట పనిచేస్తున్నాయేమో చూడండి.

మొదలుపెట్టే ముందు: లేయర్‌ను సిద్ధం చేయడం

జేపెగ్ ఫోటో తెరిస్తే ఫోటోషాప్ దాన్ని బ్యాక్‌గ్రౌండ్ అనే లేయర్‌గా, తాళం గుర్తుతో చూపిస్తుంది. దాని ఒపాసిటీ కదలదు. ఆ పేరు మీద రెండుసార్లు క్లిక్ చేసి ఓకే అంటే మామూలు లేయర్ అవుతుంది.

గింప్‌లో సమస్య ఇంకోలా ఉంటుంది. అక్కడ లేయర్‌కు ఆల్ఫా ఛానెల్ లేకపోతే చెరిపినచోట పారదర్శకత రాదు, వెనుక రంగు పరుచుకుంటుంది. చెరిపినకొద్దీ తెలుపే వస్తోందేమిటని తల పట్టుకునేది ఇందుకే. ఆల్ఫా లేని లేయర్ పేరు ప్యానెల్‌లో మందపాటి (బోల్డ్) అక్షరాల్లో కనిపిస్తుంది. లేయర్ మెనూలోని ట్రాన్స్‌పరెన్సీలో యాడ్ ఆల్ఫా ఛానెల్ నొక్కితే సరి.

పారదర్శకంగా ఉన్నచోట బూడిద, తెలుపు గళ్లు కనిపిస్తాయి. అవి బొమ్మలో భాగం కావు, ఇక్కడ ఏమీ లేదని సాఫ్ట్‌వేర్ చూపే గుర్తు. ఇంటర్నెట్‌లో దొరికే కొన్ని 'పారదర్శక' బొమ్మల్లో మాత్రం ఆ గళ్లు నిజంగానే బొమ్మలో ముద్రించి ఉంటాయి. అనుమానంగా ఉంటే కింద ఒక ముదురు రంగు లేయర్ పెట్టి చూడండి. గళ్లు మాయం కాకపోతే అది నకిలీ. దాన్ని శుభ్రం చేయడానికి పెట్టే సమయంలో ఇంకో బొమ్మ వెతుక్కోవచ్చు.

స్లైడర్‌తో: ఫోటో మీద అక్షరాలు

స్లైడర్‌కు అచ్చంగా తగిన పని ఒకటి చూద్దాం. ఫోటో మీద తెల్లని అక్షరాలు రాయాలి. ఫోటోలో వెలుగు ఎక్కువ కావడంతో అక్షరాలు కనపడటం లేదు. మధ్యలో నల్లని పలచటి తెర వేయాలి.

1. ఫోటో పైన కొత్త లేయర్ తీసుకుని నలుపుతో నింపండి.
2. దాని పైన టెక్స్ట్ లేయర్‌లో తెల్లని అక్షరాలు రాయండి.
3. నల్ల లేయర్‌ను ఎంచుకుని, లేయర్స్ ప్యానెల్ పైభాగంలోని ఒపాసిటీని 100 నుంచి తగ్గించుకుంటూ రండి.

ఎక్కడ ఆపాలి? చాలామంది కంటికి ఆనినంత అంటారు. నేనైతే లెక్క చూడమంటాను. వెబ్ పేజీల్లో అక్షరాలు సులువుగా చదవగలగాలంటే వాటికీ వెనుక రంగుకూ మధ్య కాంతి నిష్పత్తి కనీసం 4.5 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. తెల్లని అక్షరాలకు ఆ నిష్పత్తి రావాలంటే వెనుక బూడిద రంగు విలువ 118 దాటకూడదు. ఫోటోలో అతి తెల్లటి చోటు 255 అనుకుంటే, దాన్ని 118 కిందికి దించడానికి నల్ల తెర 54 శాతం ఉండాలి. 40 శాతం దగ్గర ఆపితే వెనుక విలువ 153 అవుతుంది, నిష్పత్తి 3 కూడా రాదు. మీ తెర మీద బాగానే కనిపించవచ్చు. ఎండలో ఫోను చూసేవారికి మాత్రం కనిపించదు.

ఈ అంకెలు ఫోటోషాప్ మామూలు అమరికకు సరిపోతాయి. గింప్‌లో ఇవే వేస్తే ఫలితం తేడా వస్తుంది. 2018లో వచ్చిన 2.10 నుంచి గింప్‌లోని నార్మల్ మోడ్ రంగులను కాంతి లెక్కన, అంటే లీనియర్ పద్ధతిలో కలుపుతుంది. అందుకే తెలుపు మీద 50 శాతం నలుపు వేస్తే ఫోటోషాప్‌లో 128 వచ్చేచోట గింప్‌లో 188 దాకా వస్తుంది. అదే నల్ల తెర అక్కడ తేలిపోయినట్టు ఉంటుంది. పైన చెప్పిన 4.5 నిష్పత్తి అందుకోవాలంటే గింప్‌లో తెరను 82 శాతం దాకా తీసుకెళ్లాలి. లేదంటే లేయర్ మీద కుడి క్లిక్ చేసి కాంపోజిట్ స్పేస్‌ను పర్సెప్చువల్‌కు మార్చుకోవచ్చు. ఒక సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకున్న శాతాలను ఇంకోదానిలో గుడ్డిగా వాడలేకపోవడానికి కారణం ఇది. పెయింట్ డాట్ నెట్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనైతే శాతాలే ఉండవు. ఎఫ్4 నొక్కితే వచ్చే లేయర్ ప్రాపర్టీస్‌లో ఒపాసిటీ 0 నుంచి 255 వరకు ఉంటుంది. 54 శాతం కావాలంటే 138 పెట్టాలి.

ఫోటోషాప్‌లో స్లైడర్ లాగకుండానే కీబోర్డుతో ఈ పని చేయవచ్చు. మూవ్ టూల్ ఎంచుకుని 5 నొక్కితే 50 శాతం, 0 నొక్కితే 100, వెంటవెంటనే 5, 4 నొక్కితే 54. బ్రష్ చేతిలో ఉన్నప్పుడు ఇవే అంకెలు నొక్కితే మారేది లేయర్ ఒపాసిటీ కాదు, బ్రష్‌ది. కాసేపయ్యాక బ్రష్ సరిగ్గా పడటం లేదని విసుక్కునేవారు ఒకసారి పైన ఆప్షన్స్ బార్‌లో ఆ అంకె చూసుకోవాలి.

ఒపాసిటీ పక్కనే ఫిల్

ఫోటోషాప్‌లో ఒపాసిటీ కిందే ఫిల్ అనే ఇంకో స్లైడర్ ఉంటుంది. మామూలు ఫోటో లేయర్ మీద రెండూ ఒకేలా పనిచేస్తాయి కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. తేడా లేయర్ స్టైల్ ఉన్నప్పుడు తెలుస్తుంది. అక్షరాలకు నీడో, అంచు గీతో తగిలించి ఒపాసిటీ సున్నా చేస్తే అన్నీ పోతాయి. ఫిల్ సున్నా చేస్తే అక్షరం లోపలి రంగు మాత్రమే పోయి నీడ, అంచు నిలుస్తాయి. ఫోటో మీద గాజుతో చేసినట్టుండే వాటర్‌మార్క్‌కు ఇదే మార్గం. అక్షరాలకు బెవెల్ (అంచులు ఉబ్బినట్టు చూపే) స్టైల్ ఇచ్చి ఫిల్ సున్నాకు దించితే చాలు.

గ్రూపులో ఉన్నవాటిని కలిపి పలచబరచడం

ఒకదానిపై ఒకటి కొంత పడేలా రెండు వృత్తాలు గీసి ఒక్కోదానికి 50 శాతం ఇస్తే అవి కలిసినచోట ముదురు మచ్చ వస్తుంది. లోగోలో అది కుదరదు. రెండు లేయర్లనూ ఎంచుకుని కంట్రోల్, జీ నొక్కి గ్రూపు చేయండి. విడివిడి లేయర్లను 100 శాతంలోనే ఉంచి గ్రూపు ఒపాసిటీని 50 చేయండి. అప్పుడు రెండూ ముందు ఒకే బొమ్మగా కలిసి, ఆ తర్వాత పలచబడతాయి.

మాస్క్: అసలు పని ఇక్కడే

ఎరేజర్ చెరిపింది పోయినట్టే. ఫైలు మూసి మళ్లీ తెరిచాక దాన్ని వెనక్కి తెచ్చుకునే దారి లేదు. మాస్క్ అలా కాదు. అది లేయర్‌కు తగిలించిన నలుపు, తెలుపు బొమ్మ. అందులో తెలుపు ఉన్నచోట లేయర్ కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట దాగుతుంది, బూడిద రంగు ఉన్నచోట ఆ మేరకు పలచబడుతుంది. పొరపాటున నలుపు పడితే మళ్లీ తెలుపు పూస్తే సరి. ఏడాది తర్వాత తెరిచినా ఫోటో చెక్కుచెదరకుండా ఉంటుంది. ఎరేజర్‌ను ఎందుకు పక్కన పెట్టానో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఒక ఉదాహరణ. నేల బాగా వచ్చి, ఆకాశం వెలవెలబోయిన ఫోటో ఒకటి. మంచి మేఘాలున్న ఫోటో ఇంకొకటి. రెండింటినీ కలపాలి.

1. నేల ఉన్న ఫోటో తెరిచి, దానిపైన మేఘాల ఫోటోను కొత్త లేయర్‌గా తెచ్చుకోండి. కాసేపు దాని ఒపాసిటీని 50కి దించండి. కింది ఫోటోలోని క్షితిజ రేఖ కనిపిస్తుంది కాబట్టి మేఘాలను ఎక్కడ ఉంచాలో తెలుస్తుంది. సరిచూసుకున్నాక మళ్లీ 100 చేయండి. ఈ చివరి పని మరచిపోతే తర్వాత ఎంత మాస్క్ వేసినా ఆకాశం నీరసంగానే ఉంటుంది.
2. మేఘాల లేయర్‌కు మాస్క్ చేర్చండి. ఫోటోషాప్‌లో ప్యానెల్ అడుగున దీర్ఘచతురస్రంలో వృత్తం ఉన్న గుర్తు నొక్కాలి. గింప్‌లో లేయర్ మీద కుడి క్లిక్ చేసి, యాడ్ లేయర్ మాస్క్‌లో వైట్ ఎంచుకోవాలి. ఇప్పుడు లేయర్ పేరు పక్కన ఫోటో చిన్న బొమ్మ, దాని పక్కన తెల్లటి మాస్క్ బొమ్మ కనిపిస్తాయి.
3. మాస్క్ బొమ్మ మీద క్లిక్ చేయండి. దాని చుట్టూ సన్నని అంచు గీత రావాలి. ఆ గీత ఫోటో బొమ్మ చుట్టూ ఉందంటే మీరు పూసే నలుపు మాస్క్ మీద కాకుండా మేఘాల మీదే పడుతుంది. మాస్క్ పనిచేయడం లేదనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ చిన్న గీతను చూడకపోవడం వల్ల వచ్చేవే.
4. కీబోర్డులో డి నొక్కి రంగులను నలుపు, తెలుపుకు తెచ్చుకోండి. ఫోటోషాప్‌లో జీ నొక్కితే, గింప్‌లో టూల్ బాక్స్‌లో ఎంచుకుంటే గ్రేడియెంట్ టూల్ వస్తుంది. నలుపు నుంచి తెలుపుకు వెళ్లే గ్రేడియెంట్ ఎంచుకుని, క్షితిజ రేఖకు కాస్త కింద మొదలుపెట్టి పైకి లాగండి. లాగిన దూరం ఎంత ఎక్కువైతే కలయిక అంత మెత్తగా ఉంటుంది. నచ్చకపోతే మళ్లీ లాగండి, పాతది దానంతటదే చెరిగిపోతుంది.
5. క్షితిజ రేఖకు పైకి పొడుచుకొచ్చిన చెట్లు, కొండలు, భవనాల మీద ఇంకా మేఘాలు పరుచుకునే ఉంటాయి. మెత్తటి అంచున్న బ్రష్ తీసుకుని, దాని ఒపాసిటీని 20 శాతం దగ్గర ఉంచి, మాస్క్‌పై నలుపుతో కొద్దికొద్దిగా పూయండి. ఒక్క దెబ్బకు 100 శాతంతో పూస్తే అంచు కత్తిరించి అతికించినట్టు తెలుస్తుంది. ఎక్కువైతే ఎక్స్ నొక్కి తెలుపుకు మారి తిరిగి తెచ్చుకోండి.

పని మధ్యలో ఫోటోషాప్‌లో మాస్క్ బొమ్మపై షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే మాస్క్ తాత్కాలికంగా ఆగుతుంది. ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే మాస్క్ ఒక్కటే నలుపు, తెలుపుల్లో తెరనిండా కనిపిస్తుంది. ఈ రెండోది తప్పకుండా ఒకసారి చూడండి. బయటికి నున్నగా కనిపించే ఆకాశంలో బ్రష్ తగలక మిగిలిన మచ్చలు అక్కడ ఇట్టే దొరికిపోతాయి.

మాస్క్‌కూ ఫోటోకూ మధ్య చిన్న గొలుసు గుర్తు ఉంటుంది. దాన్ని తీసేస్తే మాస్క్‌ను కదపకుండా మేఘాలను మాత్రమే అటూ ఇటూ జరపవచ్చు. ప్రాపర్టీస్ ప్యానెల్‌లో ఫెదర్ అంచును మెత్తబరుస్తుంది, డెన్సిటీ మాస్క్ ప్రభావాన్నే తగ్గిస్తుంది. ఇవేవీ మాస్క్‌ను శాశ్వతంగా మార్చవు. పెయింట్ డాట్ నెట్‌లో లేయర్ మాస్క్ సౌకర్యం విడిగా లేదు, కాబట్టి ఈ తరహా పనికి అది తగదు.

తెలుపో నలుపో మాత్రమే పోవాలంటే

తెల్ల కాగితం మీద సంతకం స్కాన్ చేశారు. కాగితం పోయి సిరా మాత్రమే మిగలాలి. ఒపాసిటీ తగ్గిస్తే సిరా కూడా పలచబడుతుంది. గీత గీతకూ మాస్క్ వేయడం వృథా శ్రమ. సంతకం లేయర్ బ్లెండ్ మోడ్‌ను నార్మల్ నుంచి మల్టిప్లైకి మార్చండి. తెలుపు మాయమై సిరా నిలుస్తుంది. నల్ల నేపథ్యంలో తీసిన మంటలు, పొగ, బాణసంచా అయితే దీనికి వ్యతిరేకమైన స్క్రీన్ మోడ్ వాడాలి, నలుపు పోతుంది. కాగితం పూర్తిగా తెల్లగా లేక కాస్త బూడిదగా ఉంటే ముందు లెవెల్స్ (వెలుగునీడలు సరిచేసే సాధనం) తో తెల్లబరచుకోవాలి, లేదంటే సంతకం చుట్టూ లేత పెట్టె ఆకారం మిగిలిపోతుంది.

బ్లెండ్ మోడ్‌కు ఒక పరిమితి ఉంది. అది కింద లేయర్ ఉన్నంతవరకే పనిచేస్తుంది. సంతకాన్ని విడిగా పారదర్శక ఫైలుగా దాచుకోవాలంటే గింప్‌లోని కలర్ టు ఆల్ఫా దీనికి సరైన సాధనం. తెలుపును ఎంచుకుంటే తెల్లటి భాగం పూర్తిగా, లేత బూడిద అంచులు వాటిలోని తెలుపు మేరకు పారదర్శకమవుతాయి. మంత్రదండం (మ్యాజిక్ వాండ్ టూల్) తో తెలుపును ఎంచి డిలీట్ చేసినదానికన్నా ఇది ఎంతో శుభ్రంగా ఉంటుంది. ఫోటోషాప్‌లో ఇంచుమించు ఈ పనికి లేయర్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే వచ్చే లేయర్ స్టైల్ కిటికీలో బ్లెండ్ ఇఫ్ ఉంది. దాని తెల్లని కొసను లోపలికి జరిపితే వెలుగు భాగాలు మాయమవుతాయి. ఆల్ట్ పట్టుకుని జరిపితే ఆ కొస రెండుగా చీలి, మార్పు మెత్తగా జరుగుతుంది. ఆల్ట్ లేకుండా జరిపిన ఫలితం దాదాపు ఎప్పుడూ గరుకుగానే ఉంటుంది.

అంచుల్లో మిగిలే తెల్ల గీత

తెల్ల గోడ ముందు తీసిన మనిషి ఫోటోను కత్తిరించి ముదురు నేపథ్యంపై పెడితే జుట్టు చుట్టూ తెల్లటి వెలుగు మిగులుతుంది. అంచు పిక్సెళ్లలో గోడ రంగు కలిసిపోయి ఉంటుంది. పారదర్శకత సరిగ్గా ఉన్నా రంగు మాత్రం గోడదే. ఫోటోషాప్‌లో లేయర్ మెనూ అడుగున మ్యాటింగ్‌లో డీఫ్రింజ్ ఉంది, 1 పిక్సెల్‌తో మొదలుపెట్టండి. అక్కడే తెల్ల మ్యాట్, నల్ల మ్యాట్ (అంచుల్లో మిగిలిన పాత నేపథ్యం రంగు) తొలగించే ఆదేశాలూ ఉన్నాయి. జుట్టుకైతే సెలెక్ట్ అండ్ మాస్క్‌లోని డీకంటామినేట్ కలర్స్ మేలు. అది పిక్సెళ్ల రంగునే మార్చేస్తుంది కనుక ఫలితాన్ని కొత్త లేయర్‌గా తీసుకోవాలి.

దాచుకోవడం, పంపడం

జేపెగ్‌లో పారదర్శకతకు చోటే లేదు. ఎంత జాగ్రత్తగా చేసినా జేపెగ్‌గా దాచితే ఖాళీల్లో ఏదో ఒక రంగు, ఎక్కువగా తెలుపు, నిండిపోతుంది. గిఫ్‌లో ఒక పిక్సెల్ కనిపించడమో కనిపించకపోవడమో తప్ప మధ్యస్థం లేదు, కాబట్టి మెత్తటి అంచులు రంపపు పళ్లలా మారతాయి. పారదర్శకత నిలవాలంటే పీఎన్‌జీ లేదా వెబ్‌పీ ఎంచుకోండి. పీఎన్‌జీలో నాణ్యత పోదు, వెబ్‌పీలో ఫైలు చిన్నదవుతుంది. ఈ రెండింటిలోనూ లేయర్లు విడిగా ఉండవు. అందుకే ఫోటోషాప్‌లో పీఎస్‌డీ, గింప్‌లో ఎక్స్‌సీఎఫ్ ఫైలును మాతృకగా వేరే దాచి, పీఎన్‌జీని ఎక్స్‌పోర్ట్‌తో తీసుకోవాలి.

ఎక్స్‌పోర్ట్ చేసే ముందు అట్టడుగున తెల్లటి లేయర్ ఒకటి, నల్లటి లేయర్ ఒకటి పెట్టి, వాటి కన్ను గుర్తులను మారుస్తూ బొమ్మను రెండింటి మీదా చూడండి. తెలుపు మీద కనిపించని అంచు మచ్చలు నలుపు మీద బయటపడతాయి. ఆ రెండు లేయర్ల కన్ను మూసేశాకే ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఆ ఫైలును మెసేజింగ్ యాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా జతచేయండి. ఫోటోగా పంపితే చాలా యాప్‌లు దాన్ని జేపెగ్‌గా మార్చేస్తాయి, అందుకున్నవారికి పారదర్శకత బదులు తెల్లటి లేదా నల్లటి పెట్టె కనిపిస్తుంది.